పిన్ని ముందుగా తిన్న ముక్కలు

నా చిన్నప్పుడు, రాజోలు పక్కన మా ఊళ్ళో, తొలకరి వానలు పడ్డాక మాగిన గడ్డివాముల మొదట్లో పుట్టగొడుగులు లేచేవి. మా అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన రోజులవి. నేను అమ్మమ్మ దగ్గర ఉండేవాణ్ణి. అమ్మమ్మకి చూపు ఆనదు కాబట్టి రాత్రి అన్నం చాలాసార్లు పక్కింటి పిన్నే పెట్టేది. అమ్మలు దూరదేశంలో ఉన్న మరికొందరు పిల్లలం, పిన్ని చిన్న కూతురు, అందరం ఆ వంటింట్లోనే కంచాల ముందు కూర్చునేవాళ్ళం.

పిన్ని కొబ్బరిపీచు మిల్లులో పనిచేసేది. దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చి, పొద్దున కోసి ఉంచిన పుట్టగొడుగుల్ని చేత్తో చీల్చి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో మగ్గనిచ్చి, దించేముందు కాసిని కొబ్బరిపాలు పోసేది. అన్నం ఉడికేలోపు కూర అయిపోయేది. ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చి నేను మా పిల్లలకి వండేదీ అదే. కాకపోతే బజార్లో ప్యాకెట్లో దొరికేవాటితో.

ఒకరోజు పొద్దున్నే వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. పొయ్యి దగ్గర పిన్ని ఒక్కతే కూర్చుని, చిన్న గిన్నెలో ఉడికించిన పుట్టగొడుగులు గబగబా తింటోంది. నన్ను చూసి గిన్నె కొంగు చాటున పెట్టేసుకుంది. నాకు కడుపు మండిపోయింది. నేరుగా బోరింగు దగ్గరికి పోయి, నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళకి చెప్పేశాను.

"మంచివన్నీ ముందు పిన్నే తినేస్తుందండీ. మాకు పెట్టేవి మిగిలినవి."

సాయంత్రం పిన్ని మిల్లు నుంచి వస్తుంటే ఒకావిడ అడగనే అడిగింది. "ఏమ్మా, పిల్లల పేరు చెప్పి నువ్వు లాగించేస్తున్నావంటగా?"

"ఆయ్, నాకు ఆకలెక్కువండి," అని నవ్వేసింది పిన్ని. ఆ వీధిలో ఆవిడకి తిండిపోతు అన్న పేరు అలా ఖాయమైంది.

భోజనాలయ్యాక నన్నొక్కణ్ణీ ఆపింది. తిడుతుందనుకున్నాను.

"వీటిల్లో చెడ్డవీ ఉంటాయి నాన్నా. చూస్తే నాకూ అన్నిసార్లూ తెలీదు. అందుకే పొద్దున్నే నేను తిని చూస్తాను. సాయంత్రం దాకా నాకేం కాకపోతేనే మీకు."

"మరి వాళ్ళకా మాట చెప్పలేదేం?"

"చెప్తే రేపట్నుంచి మిమ్మల్ని పంపుతారా? నువ్వూ చెప్పకు. నా కూలికి ఇంతమందికి ఇంకేం కొని పెట్టను?"

అది సరైన పరీక్ష కాదని, కొన్నిటి విషం మర్నాటికి గానీ బయటపడదని పెద్దయ్యాక ఒక డాక్టరుగారి నోట విన్నాను. మాకు పట్టెడన్నం కోసం ఆవిడ ప్రతి వానాకాలం ఏం పణం పెట్టిందో, పాపం ఆవిడకే పూర్తిగా తెలీదు.

పిన్ని చెప్పొద్దంది కాబట్టే చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ మేమంతా పెరిగి తలోదారీ పట్టాక, దాచడానికి కారణమే లేకుండా పోయాక కూడా నోరు విప్పలేదు. ఆ పేరు పెట్టింది నేనని బయటపడుతుందని సిగ్గు. అంతే.

ఈమధ్యే పిన్ని పోయింది. పెద్దకర్మ భోజనాల్లో ఒక పెద్దాయన, "బాగా వడ్డించండర్రా, ఆవిడసలే తిండిపుష్టి గల మనిషి," అన్నారు. పంక్తిలో అందరూ నవ్వేరు. నేను విస్తరి ముందునుంచి లేచి నిలబడ్డాను. పిన్ని తిండిపోతు కాదని, పెరట్లో నేను చూసిందీ, తర్వాత విన్నదీ, ఇన్నాళ్ళు దాచిందీ అందరికీ వినబడేలా చెప్పాను. ఎవరూ ముద్ద ఎత్తలేదు.

వడ్డిస్తున్న పిన్ని కూతురు గరిటెతో అలాగే నా దగ్గరికొచ్చింది.

"నాకూ తెలీదన్నయ్యా," అంది. "నేను కూడా అమ్మని తిండిపోతనే వెక్కిరించేదాన్ని. ఆస్పత్రిలో పడుకుని ఉంటే కూడా అన్నాను."

కన్నకూతురి నోట ఆ మాట పెట్టింది నేనే. ఇంక బతికినన్నాళ్ళూ నా వెంట ఉండేది అదే.