ఎనుములు ఒళ్ళు గోక్కునే రాయి

ఈ సంగతి నేను మోయబట్టి తొమ్మిదేళ్ళయింది. బరువు అంటే పెద్ద మాట అవుతుందేమో. దీన్ని మోసుకుంటూనే పెళ్ళిళ్ళకు పోయాను, పంక్తిలో కూర్చుని రెండోసారి అడిగి వడ్డించుకున్నాను, నిద్ర కూడా బాగానే పట్టింది. ఇబ్బంది అక్కడే. తప్పు చేసినవాడికి నిద్ర పట్టదని అందరూ చెబుతారు. నాకు పట్టింది. అంటే నాది తప్పు కాదా?

తప్పే. మా ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు అడక్కండి. ఊరు పులివెందుల నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఉంది. అంతవరకు చాలు.

మా చేలో ఒక నిలువు రాయి ఉంది. మనిషి కంటే జానెడు ఎత్తు. ఇప్పుడది ఒంటిరాయి. ఒకప్పుడు కాదు. దాని చుట్టూ బండి చక్రం మాదిరిగా మోకాలెత్తు గుండ్లు ఉండేవి. కొన్ని సగం భూమిలో, ఒకటి పూర్తిగా ఒరిగిపోయి రేగుచెట్టు కింద. ఊళ్ళో వాటిని పాండవుల రాళ్ళనేవారు. మా వైపు ఎవరు పెట్టారో తెలియని రాయి ఏదైనా పాండవులదే. వాళ్ళు వనవాసమంతా మా జిల్లాలోనే రాళ్ళు మోస్తూ గడిపినట్టుంది.

అవి ఏమై ఉండవచ్చో నాకు మొదట చెప్పినవాడు నా స్నేహితుడు. అతని అసలు పేరు కూడా రాయను. బాషా అనుకోండి. ప్రొద్దుటూరులో ఇద్దరం కలిసి డిగ్రీ చదివాం, ఇద్దరిదీ చరిత్రే. అతను ఇష్టపడి తీసుకున్నాడు, నేను సీటు సులభంగా దొరుకుతుందని తీసుకున్నాను. మార్కులు ఇద్దరికీ దాదాపు ఒకటే వచ్చాయి. అప్పటి నుంచి చదువు మీద నాకు పెద్ద గౌరవం లేదు.

ఒక సెలవురోజు బాషా మా ఊరికొచ్చాడు. ఆ రాళ్ళు చూసి అన్నం మర్చిపోయాడు. ఇవి సమాధులు కావచ్చు, మనుషులు రాయడం నేర్చుకోకముందువి కావచ్చు అన్నాడు. కావచ్చు అనే అన్నాడు, అవును అనలేదు. అతనెప్పుడూ అంతే. మా అమ్మ బట్టలారేసే తాడు విప్పుకొచ్చి, దానికి ముడులేసి, నిలువు రాయి నుంచి ప్రతి గుండుకూ దూరం కొలిచి నోటుబుక్కులో బొమ్మ గీశాడు. లెక్కపెడితే అతనికి పదిహేడు వచ్చాయి, నాకు పదహారు. రేగుచెట్టు కింద పడి ఉన్నది వలయంలోది కాదని నా వాదన. ఉగ్గాని, బజ్జీ పందెం కాశాం. తీర్పు చెప్పేవాళ్ళు లేక పందెం అట్లాగే ఉండిపోయింది.

డిగ్రీ అయ్యాక బాషా వాళ్ళ నాయన పనిలోనే కూర్చున్నాడు. నగలకు రాళ్ళు పొదిగే పని. కమ్మకు ఇన్ని, నెక్లెసుకు ఇన్ని అని ఆవగింజంత రాళ్ళను లెక్కపెట్టి, పట్టకారుతో ఒక్కొక్కటే కూర్చోబెట్టాలి. వాళ్ళన్న కువైట్ పోయాడు, ఇతన్నీ రమ్మన్నాడు. పోలేదు. శుక్రవారం నమాజు అయ్యాక ఏదో ఒక బస్సెక్కి, ఏదో ఒక ఊళ్ళో దిగి, రాళ్ళు చూసి, బొమ్మలు గీసుకుని వచ్చేవాడు. ఇరవై ఏళ్ళు అదే పని. ప్రొద్దుటూరులో అతని పొదుగుడు ఊడిందని ఎవరైనా అనగా నేను వినలేదు.

ఇక నా పని. రాష్ట్రం విడిపోయి ఒకటి రెండేళ్ళయి ఉంటుంది. అన్నదమ్ములం భాగాలు పంచుకున్నాం. రాళ్ళున్న చేను నాకొచ్చింది. బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. మా వైపు బోరులో నీళ్ళు పడ్డ మనిషి ఒక నెలరోజులు మామూలుగా ఉండడు. నేను చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టాలనుకున్నాను. సాళ్ళు నేరుగా రావాలి, రాళ్ళు గుండ్రంగా ఉన్నాయి. జేసీబీని పిలిపించాను.

బాషాకు ఒక మాట చెప్పాలనిపించింది. నిజంగానే అనిపించింది. ఫోను చేతిలోకి తీసుకుని, అతను వద్దంటే ఏం చేయాలో తెలియక, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

గుండ్లను ఒక్కొక్కటే పెరికి, నలభై అడుగుల అవతల ఉన్న మా పాడుబావిలో వేయించాను. పక్కన నిలబడి లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో నాకే తెలియదు. రేగుచెట్టు కింది రాయిని లేపితే దాని మొదలు గుంటలోకి దిగి ఉంది. అదీ వలయంలోదే. నిలబెట్టింది పడిపోయింది, అంతే. ఆ గుంటలో కుండపెంకు ఒకటి కనిపించింది, లోపల నలుపు, బయట ఎరుపు. తెలియక చేశానని చెప్పుకుందామంటే నా డిగ్రీ అడ్డం వస్తుంది. అట్లాంటి పెంకులు ఆనాటి సమాధుల్లో దొరుకుతాయని మాకు క్లాసులో చెప్పారు. కాలితో మట్టిలోకి తోసేశాను.

నిలువు రాయి మాత్రం మిగిలింది. నా దయ వల్ల కాదు. కలుపుకొచ్చే ఆడవాళ్ళు ఎప్పుడో దానికి పసుపు పెట్టారు. జేసీబీ డ్రైవరు అది చూసి ఇంజను ఆపేశాడు.

"పసుపు పెట్టిన రాయిని నేను ముట్టనప్పా. నీకు అంత అవసరముంటే దిగి నువ్వే పెరుక్కో" అన్నాడు.

నాకు అంత అవసరం లేకపోయింది.

ఇంతవరకు చేసింది మా జిల్లాలో చాలామంది రైతులు చేసిందే. దీని గురించే అయితే ఇంత రాయను. నా తప్పు మూడు నెలల తర్వాత జరిగింది.

బాషా ఏడాది కిందటే ఆ రాళ్ళ గురించి పురావస్తు శాఖకు ఒక అర్జీ రాసి, పాత బొమ్మ నకలు జతచేశాడట. ఏదీ తేలకుండా నాకు చెప్పడమెందుకని ఊరుకున్నాడట. ఒకరోజు పొద్దున ఇద్దరు ఆఫీసర్లను జీపులో వెంటబెట్టుకుని నేరుగా మా చేలోకొచ్చాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. దిగుతూనే నన్ను చూసి నవ్వాడు, చూస్తాండు మామా అన్నట్టు. తర్వాత చేను వైపు తిరిగాడు.

మోకాలెత్తు చీనీ మొక్కలు. మధ్యలో ఒక్క రాయి.

పెద్ద ఆఫీసరు కోస్తా మనిషి, మర్యాదస్తుడు. బాషాను అడగలేదు. పట్టా నాది కాబట్టి నన్ను అడిగాడు. "ఇక్కడ దీని చుట్టూ రాళ్ళ వలయం ఉందని వీరు రాశారండీ. ఇంకేమైనా రాళ్ళు ఉండేవా?"

"లేదు సార్. ముందునుంచి ఈ ఒక్కటే. మా తాత నాటించినాడు, ఎనుములు ఒళ్ళు గోక్కునేదానికి."

చిన్న ఆఫీసరు కాగితం చూస్తూ, "మరి ఈయన పదిహేడు అని రాశారే?" అన్నాడు.

"అప్పుడు మాకు ఎనుములు పదిహేడుండెనేమో సార్" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. బాగా నవ్వారు. నేనూ నవ్వాను.

బాషా నా దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు. "మామా, మనిద్దరం తాడు పట్టుకోని కొలిచినాం గదప్పా. నువ్వు పదహారంటివి, నేను పదిహేడంటి."

"అది ఈడ కాదు మామా. యాడో గండికోట పక్క చూసింటావు. ఇరవై ఏండ్లు ఎండలో తిరిగితే నీకు అన్ని చేన్లూ ఒకటే మాదిరి కనపడ్తాండాయి."

అతను రాయి వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేలవైపు కూడా చూశాడు.

"అట్లేనేమోలే" అన్నాడు. "శానా రోజులాయ గదా."

వాళ్ళకు మజ్జిగ తెప్పించాను. నీడ కోసం మోటారు షెడ్డు దగ్గర నిలబడి తాగారు. బావి పూడ్చి, చదును చేసి, షెడ్డు వేసింది దాని పక్కనే. అంటే వాళ్ళు మజ్జిగ తాగింది ఆ పదిహేడు రాళ్ళ మీద నిలబడి. జీపెక్కే ముందు బాషా ఆఫీసర్లతో, "మిమ్మల్ని ఊరకే తిప్పినాను సార్, ఏమనుకోవద్దండి" అన్నాడు. నాతో కూడా అన్నాడు, "నీకూ ఇబ్బంది చేసినా మామా" అని. పర్వాలేదన్నాను. క్షమించాను. ఆలోచించండి, నేను అతన్ని క్షమించాను.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? చేను పోతుందని భయం వల్ల అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. గౌరవమైన కారణం, మా వైపు భూమి కోసం అంతకంటే పెద్దవే చేశారు. కానీ "రాళ్ళుండేవి సార్, తోట కోసం తీసేశాను" అంటే ఏమయ్యేది? మందలించి పోయేవాళ్ళేమో. అంతకంటే ఏం చేస్తారు? నేను ఆ లెక్క కూడా వేయలేదు. నిజం చెప్పాలంటే, ఎనుముల మాట నోట్లోకి వచ్చింది, బాగుంది, వదల్లేకపోయాను. మొదటి అబద్ధం భయంతో చెప్పి ఉంటాను. పదిహేడు ఎనుముల మాట మాత్రం భయం కాదు. అది నవ్వు కోసం. ఒక మనిషికి తన కళ్ళ మీద ఉన్న నమ్మకాన్ని, ఇద్దరు కొత్తవాళ్ళ నవ్వుకు అమ్మేశాను.

ఆ తర్వాత బాషా శుక్రవారం బస్సులు మానేశాడు. మోకాళ్ళ నొప్పి అన్నాడు. కారణం నిజంగా మోకాళ్ళ నొప్పే కావాలని నేను కోరుకున్నాను, స్నేహితుడికి ఎవరూ కోరని కోరిక. రెండేళ్ళ తర్వాత మా అమ్మాయి కమ్మలకు రాళ్ళు పొదిగిద్దామని అతని దగ్గరికి పోయాను. రాళ్ళు లెక్కపెట్టాడు. మళ్ళీ పెట్టాడు. మూడోసారీ పెట్టాడు. ఇదివరకు ఒక్కసారే. ఏంది మామా అంటే నవ్వాడు, "నీ చేన్లో లెక్క తప్పినప్పటినుంచీ ఇంతే" అన్నాడు. దెప్పిపొడుపు లేదు అందులో. ఉంటే ఎంత బాగుండేది.

పాత నోటుబుక్కు అక్కడే సొరుగులో ఉంది. అతను టీ చెప్పడానికి బయటికి పోయినప్పుడు తీసి చూశాను. మా చేను పేజీ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు స్కేలు పెట్టి గీత కొట్టాడు. కింద రెండే మాటలు: నా పొరపాటు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

అతను నన్ను నిజంగా నమ్మాడా? లేక, ఆవగింజంత రాయి పక్కకు జరిగితే కనిపెట్టే మనిషికి నా చేలో కొత్తమట్టి కనపడలేదా? కనపడి, ఆఫీసర్ల ముందు నన్ను కాపాడి, ఆ తప్పు తన బుక్కులో తన పేర రాసుకున్నాడా? రెంటిలో ఏది నాకు తక్కువ కష్టమో తేల్చుకోలేకపోయాను. తేల్చుకోవాలంటే అతన్నే అడగాలి.

మా తాత సంగతి కూడా చెప్పాలి. ఆయన ఎనుమును సాకింది లేదు. ఎద్దుల మనిషి. నేను ఆఫీసర్లతో చెప్పిన మాట మోటారు షెడ్డు దాటి ఊళ్ళోకి పోయింది. పక్క ఊరాయన ఒకడు పాలివ్వని ఎనుమును తోలుకొచ్చి ఆ రాయికి రుద్దించాడు. అది ఇచ్చింది. ఎనుములు ఒక్కోసారి ఇస్తాయి. ఇప్పుడు మంగళవారం మంగళవారం జనం వస్తున్నారు, వేపమండలు కడుతున్నారు. నా అబద్ధానికి టెంకాయలు కొడుతున్నారు. మా ఆవిడ అడిగితే చుట్టూ సిమెంటు అరుగు కూడా నేనే వేయించాను. తాతకు మంచిపేరు వచ్చింది.

ఈ ఎండాకాలం బోరు ఎండిపోయింది. చీనీ చెట్లు కూడా. వాటిని పెరకడానికి మళ్ళీ జేసీబీ వచ్చింది. చేనంతా బోడిగా అయ్యాక, ఆ పిల్లోడు, కొత్త డ్రైవరు, షెడ్డు పక్కన దిగబడిన నేల చూసి, "ఈడ బావి ఉన్నెట్టుందే మామా, తవ్వమంటావా?" అని అడిగాడు. రేపు చెబుతానన్నాను. అది జరిగి నెలయింది.

తవ్వితే రాళ్ళు పైకొస్తాయి. కానీ ఏ రాయి ఎక్కడుండేదో నాకు తెలియదు. అవి నిజంగా సమాధులో, ఏనాటిదో గొర్రెల దొడ్డో తేల్చే వీలు కూడా నేను ఎప్పుడో పోగొట్టాను. వాటి చోట్లు తెలిసింది లోకంలో ఒక్క కాగితానికే, మా అమ్మ తాడుతో కొలిచి గీసిన కాగితానికి. అతను దాన్ని చించలేదు. గీత మాత్రమే కొట్టాడు. గీత కింద బొమ్మ బాగానే కనపడుతుంది. ఆ కాగితం ఇవ్వమని అడగాలంటే ముందు ఏం చెప్పాలో నాకు తెలుసు. నోట్లో ఎన్నో మాటలు సులభంగా పుట్టే నాకు, ఆ ఒక్కటి నెలరోజులుగా పుట్టలేదు. అందుకే కాగితం మీద పెట్టాను.

బాషా చేతికి దొరికిన అచ్చుకాగితం ఏదీ వదలడు, పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదువుతాడు. ఇది అతనికి దొరికితే తాడు దగ్గరికి రాగానే నేనెవరో తెలిసిపోతుంది. క్షమించమని అడగడం లేదు. ఆ పని ఇదివరకే, చేయాల్సిన అవసరం లేని మనిషి చేశాడు. లెక్క మాత్రం అప్పజెబుతున్నాను, ఇంతసేపు రాశాక చెయ్యి కొంచెం తేలికైంది కాబట్టి.

బావిలో పదిహేడున్నాయి మామా. నేను నిలబడి లెక్కపెట్టినా. రేగుచెట్టు కిందది కూడా వలయంలోదే.