అత్తయ్యగారి తుంటి, అక్కగారి వంకాయ కూర

తుంటి కీలు అరిగిపోయి ఆపరేషన్ చేయించుకున్న కొత్తలో, మా అత్తయ్యగారు బందరులో కనిపించిన ప్రతివాళ్లకీ తన లోపల ఏముందో చెప్పుకునేవారు. లోహపు గిన్నెలో లోహపు బంతి. ఇక జీవితాంతం అరగదని ఎవరో అంటే విని, నగ చేయించుకున్నంత సంబరపడ్డారు. ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్న డాక్టరుగారి మాట మాత్రం ఎవరికీ గుర్తులేదు. నడుస్తున్న మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లడం మా ఇంటా వంటా లేదు.

పథ్యం మాత్రం బాగా గుర్తుంది. ఏమైనా తినొచ్చని డాక్టరుగారు చెప్పినా, కోత పడ్డ ఒంటికి వంకాయ, గోంగూర, రొయ్య తగిలితే చీము పడుతుందని మావైపు గట్టి నమ్మకం. ఆ కాపలా నాది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, నా గొంతు పక్కవీధికి వినిపిస్తుందంటారు. చాన్నాళ్లు బీరకాయ, పొట్లకాయ తప్ప మరోటి గడప దాటి లోపలికి రానివ్వలేదు.

పదేళ్లు దాటాక ఆవిడ నడక మారింది. కుర్చీలోంచి లేచే ముందు కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు కాసేపు నటించేవారు. కుంటుతున్నారేమని అడిగితే చెప్పులు కరిచాయనేవారు. కొత్తవి కొన్నాం, అవీ కరిచాయి. టీవీ సౌండు రోజురోజుకీ పెరిగింది. టీవీ పాడైందని ఆవిడ, వయసైందని మేము. పైగా ప్రాణమైన వంకాయ మానేశారు. కాశీలో గానీ వదిలారా అంటే ఔనన్నారు. ఆవిడ అసలు కాశీ వెళ్లనే లేదని మావారికి గుర్తు రావడానికి వారం పట్టింది.

ఒక ఉదయం బాత్రూమ్ తలుపు పట్టుకుని నిలబడిపోయారు. కాలు కదల్లేదు. నేను అరుస్తూనే కారెక్కించాను, పామర్రు దాటేదాకా అరుస్తూనే ఉన్నాను. ఆవిడకి సగం వినిపించలేదు, అదొక్కటే అదృష్టం.

విజయవాడలో డాక్టరుగారు నొప్పి ఎప్పటినుంచని అడిగారు. ఆవిడ నావైపోసారి చూసి, ఆయన వైపు వంగి, గుసగుస అనుకుంటూ గదంతా వినిపించేలా చెప్పారు.

"ఏడాది నించండీ. తప్పు నాదే. ఆపరేషనైన కొత్తలో మా అక్క వాళ్లూరెళ్లి రొయ్యలేసిన వంకాయ కూర తిన్నాను. అదే ఇప్పుడు తిరగబెట్టింది."

అక్కగారిది నాగాయలంక. పథ్యంలో తిన్న వంకాయ ఎముకలో దాక్కుని ఎప్పటికైనా లేస్తుందని ఫోనులో తేల్చింది ఆవిడేనట. వండిపెట్టిందీ ఆవిడే.

డాక్టరుగారు నవ్వలేదు. రక్తపరీక్ష చేయించి, రిపోర్టు వచ్చాక విడమరిచి చెప్పారు. లోహం మీద లోహం ఒరుసుకుని కంటికి కనిపించని పొడి రాలుతోంది. అది చుట్టూ ఉన్న కండని పాడుచేస్తోంది, అందులోని కోబాల్ట్ రక్తంలో కలుస్తోంది. అందరికీ ఇలా కాదుగానీ, కొందరికి చెవులు, గుండె కూడా దెబ్బతింటాయట. ఏటేటా వచ్చి ఉంటే ముందే తెలిసేది. ఇంకా ఆలస్యం చేస్తే కొత్త కీలు నిలవడానికి ఎముక మిగలదన్నారు. ఆవిడ మొహం మాత్రం వెలిగింది.

"అయితే వంకాయ కాదాండీ?"

కాదన్నారు. ఏడాదిగా పోగొట్టుకున్న కూరలన్నీ తలుచుకుని అక్కడికక్కడే అక్కగారిని తిట్టిపోశారు.

ఇంత నొప్పి ఎందుకు దాచారని అడిగాను, ఈసారి మెల్లగా. మెల్లగా అడిగితే వినిపించలేదు. మళ్లీ అడిగాను.

"చెబితే నువ్వు తిడతావని," అన్నారు.

ఏడాదిపాటు నొప్పికన్నా నా నోటికే ఎక్కువ భయపడ్డారన్నమాట. నాకు ఏడుపొచ్చింది. మందుల షాపు దగ్గర క్యూలో నిలబడి ఏడ్చాను.

కీలు మార్చారు. ఇప్పుడున్నది పింగాణీ బంతి, ప్లాస్టిక్ గిన్నె. చెవులు కొంత తేరుకున్నాయి. ఆవిడ ఇప్పుడు దేన్నీ దాచరు. గజ్జల్లో చురుక్కుమన్నా, మోకాలు కటుక్కుమన్నా నేను క్లాసులో ఉండగానే ఫోను చేస్తారు. మావారు విసుక్కుంటారు. నేను మాత్రం బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి వరండాలోకి వెళ్లి, ఎక్కడ, ఎలా ఉందో అడిగి అంతా వింటాను. ఫోను రాని రోజున పాఠం సాగదు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే నేనే చేస్తాను.