తాళం ఇచ్చే చెయ్యి

కామారెడ్డిలో నేను పనిచేసే ట్రాక్టర్ల షోరూంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త బండికి పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు ఉంచాక, అమ్మినవాళ్లు కొన్నవాళ్ల చేతిలో తాళం పెట్టాలి. అప్పుడు తీసిన ఫొటో గోడకెక్కుతుంది. ఆ ఊళ్లో ఇంకెవరైనా ట్రాక్టర్ కొనాలనుకుంటే, తాళం ఇచ్చిన మనిషినే వెతుక్కుంటూ వస్తారు. నేను అమ్మిన బండ్ల తాళాలు కూడా మగవాళ్లే ఇచ్చేవాళ్లు. గోడ మీద నేను ఎక్కడా లేను.

"కస్టమర్లు ఒప్పుకోరు మేడం. ఇంత పెట్టి కొని, మొదటి తాళం ఆడోళ్ల చేతులకెల్లి తీస్కుంటరా?" అనేవాడు మేనేజర్.

నేను వాదించలేదు. బతిమాలడం మా ఇంట్లో లేదు. ఎల్లారెడ్డిలో మా ఇల్లు ఒకప్పుడు రెండు వాకిళ్లది. ఇప్పుడు ముందు భాగంలో ఎరువుల దుకాణం, వెనక రెండు గదుల్లో మేము. రోజూ అక్కడి నుంచే బస్సులో వస్తాను, ఇస్త్రీ చీర నలగకుండా. షోరూంలో నా వెనక నన్ను దొరసాని అంటారు. అననీ.

పోయిన వానాకాలం ముందు నాగిరెడ్డిపేట రైతు ఒకాయనకు బండి అమ్మాను. నేనే వాళ్ల పొలానికి పోయి, బురదలో దమ్ము చెయ్యడానికి ఏ బండి పనికొస్తుందో ఆ మట్టి చూసి చెప్పాను. బండి తీసుకుపోయే రోజు ఆయన తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. పూజ అయింది. మేనేజర్ తాళం పట్టుకొని, ఫొటో తియ్యమని మెకానిక్‌ను కేకేశాడు.

"సార్, కస్టమర్లు ఒప్పుకోరని మీకు ఎవరు చెప్పిన్రు?" అన్నాను.

"ఒకరు చెప్పుడేంది, తెల్వదా?"

"అంటే ఎవ్వరినీ అడగలేదు."

"దొరసాని అలిగిందిరో," అని మెకానిక్ నవ్వాడు. ఈసారి నా ముఖం మీదే.

నేను రైతు వైపు తిరిగాను. "మీకు బండి అమ్మింది నేను. తాళం నా చేత తీసుకుంటరా, వద్దా? వద్దంటే ఏమీ అనుకోను."

నిజానికి వద్దంటే ఆ గోడ వైపు మళ్లీ చూసేదాన్ని కాదు.

ఆయన తల గోక్కున్నాడు. మేనేజర్ ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు.

"నన్నేం జూస్తవ్ రా," అంది ఆమె. "బీరువ తాళం, వడ్ల అర్ర తాళం ఎవరి నడుముకున్నయి? రోజూ నా దగ్గర్నే గుంజుకపోతవ్. అప్పుడు లేని శాస్త్రం ఇప్పుడొచ్చిందా?"

మా నాయనమ్మ నడుముకూ తాళాల గుత్తి ఉండేది. ఆ తాళాలు ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాయి. తలుపులే లేవు.

రైతు నా ముందు రెండు చేతులూ చాచాడు. మేనేజర్ దగ్గర తాళం తీసుకొని వాటిలో పెట్టాను. ఫొటో మెకానికే తీశాడు. అందులో నా తల సగం తెగిపోయింది. అయినా గోడకెక్కించమన్నాను.

అప్పటి నుంచి నేను అమ్మిన ప్రతి బండికీ అదే మాట అడుగుతున్నాను. మొన్న మాచారెడ్డి ఆయన మొహమాటపడుతూ, "సారునే ఇయ్యనీ అక్కా," అన్నాడు. సరేనని పక్కకు జరిగాను. మనసుకు కష్టంగానే అనిపించింది. కానీ ఆ మాట ఆయన నోటితోనే విన్నాను, మేనేజర్ నోటితో కాదు.