వేన్నీళ్ళక్క తాడు

దీవికి వచ్చేవాళ్ళందరూ మా అక్కను వేన్నీళ్ళక్క అంటారు. చలికాలం వచ్చిందంటే చాలు, మా పడవలో స్టవ్ మీద పెద్ద గిన్నె ఎక్కుతుంది. సముద్రంలో దిగేవాళ్ళు మందపాటి రబ్బరు సూట్లు తొడుక్కుని వరసగా నిలబడితే, అక్క ఒక్కొక్కరి మెడ దగ్గర సూటు వదులు చేసి చెంబుడు గోరువెచ్చటి నీళ్ళు చలి ఆగేలా లోపలికి ఒంపుతుంది. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ చెంబు దగ్గర చిన్నపిల్లాడైపోయి కళ్ళు మూసుకుంటాడు. ఆఖరి చెంబు మాత్రం బావది.

మా దీవి చుట్టూ నీళ్ళు తేటపడేది చలికాలంలోనే. వానల బురదంతా అడుక్కి దిగిపోయి రాళ్ళ సందుల్లో చేపల కళ్ళు కూడా కనబడతాయి. అందుకే పళ్ళు టకటకలాడుతున్నా జనం వస్తారు. బావ వాళ్ళను కిందికి తీసుకెళ్ళి చూపిస్తాడు, నేను పడవ నడుపుతాను. అక్కకు ఈత కూడా రాదు.

రెండేళ్ళపాటు నా కడుపులో ఒక గుట్టు ఉండిపోయింది. బావకు కుడిచెవి పూర్తిగా, ఎడమచెవి సగం పోయాయి. నీళ్ళలో దిగేవాళ్ళు వీపున కట్టుకునే సిలిండర్లకు గాలి పట్టే కంప్రెసర్ పక్కన ముప్ఫయ్యేళ్ళు నిలబడితే పోక ఏమవుతాయి? డాక్టరు చెవికి మిషన్ పెట్టుకోమన్నాడు. పెట్టుకుంటే అక్క కంట పడుతుంది, కంట పడితే ఇక నీళ్ళలో దిగనివ్వదని బావ భయం.

“నీళ్ళలో అందరం చెవిటివాళ్ళమేరా, చేతులతోనేగా మాట్లాడుకునేది! మీ అక్కకు చెప్పావో, చంపేస్తా” అన్నాడు. సముద్రం లేకపోతే ఆ మనిషి బతకలేడు. నోరు కుట్టేసుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కకొక పిచ్చి పట్టింది. బావ ఒంటరిగా దిగే పని పడితే చాలు, ఆయన నడుముకు సన్నటి నైలాను తాడు కట్టి రెండో కొస తన చేతికి చుట్టుకునేది. మూడుసార్లు లాగితే పైకి రావాలట! బావ మూతి ముడుచుకునేవాడు. “కొంగున కట్టేసుకున్నది చాలక తాడు కూడానా అక్కా?” అని నేను పడవంతా నవ్వించేవాణ్ణి. నా నోటికి హద్దు లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

పోయిన చలికాలం ఒకరోజు, వచ్చినవాళ్ళంతా పైకెక్కి టీలు తాగుతున్నారు. లంగరు రాళ్ళలో ఇరుక్కుంటే తీయడానికి బావ ఒక్కడే మళ్ళీ దిగాడు. ఇంతలో గాలి తిరిగింది. చూస్తుండగానే అలలు లేచి పడవను దీవి రాళ్ళ మీదికి నెడుతున్నాయి. ఇంజను వేద్దామంటే కింద మనిషి ఉండగా పడవ అడుగున ఫ్యాను తిప్పకూడదు.

స్పానరు తీసి ఇనుప నిచ్చెన మీద టంగుటంగున కొట్టాను. ఆ చప్పుడు నీళ్ళలో చాలా దూరం పోతుంది, వింటే ఎంత పనిలో ఉన్నా పైకి రావాల్సిందే. బావ రాడే! దానికి తోడు తలకు చలికాలపు రబ్బరు టోపీ ఒకటి. ఇంకా కొట్టాను. రాళ్ళు దగ్గరకొచ్చేశాయి.

“అక్కా, ఎంత కొట్టినా లాభం లేదే! బావకు చెవులు వినబడవు!” అని అరిచేశాను. అరిచాక నాలుక కరుచుకున్నాను.

అక్క నా వైపు తిరగను కూడా లేదు. “తెలుసులేరా” అంటూ తాడు లాగింది. ఒకటి, రెండు, మూడు.

బుడగలు, వాటి వెనకే బావ తల. నిచ్చెన మీదుగా పడవలోకి లాగి పడేసి, లంగరు తాడు కోసేసి ఇంజను వేశాను. రాళ్ళకు బారెడు దూరంలో పడవ తిరిగింది.

“లంగరు ఊడొస్తుంటే ఎందుకు లాగావే? నిచ్చెన మీద కొడితే సరిపోదూ?” అన్నాడు బావ టోపీ లాగేసి, వణుకుతూ.

“కొట్టాడు. పాతికసార్లు కొట్టాడు” అంది అక్క.

బావ ముఖం పాలిపోయింది. నా వైపు చూశాడు. నేను తలెత్తలేదు.

అక్క చెంబు ముంచి ఆయన ఎడమపక్కకు వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆ పక్కనే నిలబడుతోందని నాకు అప్పుడే తట్టింది. మెడలోకి వేన్నీళ్ళు ఒంపింది.

“ఎప్పట్నుంచి తెలుసు?”

“పిలిస్తే పలకడం మానేశారే, అప్పట్నుంచి.”

“మరి దిగొద్దని అనలేదేం?”

“అంటే మానేస్తారుగా. మానేసి ఇంట్లో కూర్చున్న మిమ్మల్ని నేను చూడలేనండీ” అంది. అన్నాక భోరుమంది. మా అక్క ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. చెంబు మాత్రం చేతిలోంచి జారనివ్వలేదు.

మరుసటి వారం కొత్త లంగరు కూడా రాళ్ళలో ఇరుక్కుంది. బావ ఎడమచెవిలోంచి బుల్లి మిషన్ తీసి అక్క అరచేతిలో పెట్టాడు. తర్వాత మూల చుట్టి ఉన్న నైలాను తాడు తానే తెచ్చి, చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు.

“గట్టిగా కట్టవే” అన్నాడు.