డ్రైవరమ్మ పట్టిన బంతి

ఇంట్లో వరసగా ఆడపిల్లలే పుడుతుంటే, ఇదే ఆఖరి ఆడపిల్ల కావాలని మా కొరియాలో పూర్వం ‘మాల్‌సున్’ అని పేరు పెట్టేవారు. టాక్ మాల్‌సున్‌కి ఆ పేరు అలా వచ్చిందే. పేరు మహిమో ఏమో, ఆ తర్వాత ముగ్గురు తమ్ముళ్లు పుట్టారు. వాళ్లు తండ్రితో బేస్‌బాల్ ఆటకు పోతే, ఆవిడ పెరట్లో కూర్చుని కిమ్చీ కోసం క్యాబేజీకి ఉప్పు పట్టించేది.

పెద్దయ్యాక సిటీ బస్సు డ్రైవరయింది. ఊరి చివరి పాత స్టేడియానికి వెళ్లే బస్సు ఆవిడదే. ఆట ఉన్న రోజు జనం ఎక్కువ కాబట్టి సెలవు దొరికేది కాదు. నేను ఆ బస్సులోనే చదువుకోడానికి వెళ్లేదాన్ని, అక్కా అని పిలిచేదాన్ని. అభిమానులు పాడే పాటలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. స్టీరింగ్ మీద తాళం వేస్తూ తనూ గొంతు కలిపేది. ఏ పాట ఏ ఆటగాడిదో తెలుసు, ఆ ఆటగాడు ఆడగా మాత్రం ఎన్నడూ చూడలేదు. తిరుగు ప్రయాణంలో ఎవడైనా తాగి గోల చేస్తే అద్దంలోంచి చూసేది.

“నోర్మూసుకుని కూర్చుంటావా, వంతెన మీద దించెయ్యనా?”

అన్నంత పనీ చేసేది కూడా.

ఆవిడ రిటైరైన ఏడాదే ఊరి నడిబొడ్డున, పాత బస్సు డిపో ఉన్న స్థలంలో, కొత్త స్టేడియం తెరిచారు. ఓ ఆదివారం మధ్యాహ్నం నేనే ఆవిణ్ణి ఆటకు లాక్కెళ్లాను. మెట్లెక్కి మైదానం చూడగానే ఆగిపోయింది.

“ఇదేంటే, ఇంత పచ్చగా ఉంది! నేను బస్సు కడిగిన చోటేనా ఇది?”

వేయించిన కోడి, బీరు తీసుకుని కూర్చున్నాం. పాటలు గొంతెత్తి పాడుతోంది కానీ ఆట ఒక్క ముక్క తెలీదు.

“వాడెందుకే అలా పరిగెత్తాడు?”

“బంతి విసిరేవాడి కన్నుగప్పి రెండో బేస్ దొంగిలించాడక్కా.”

“దొంగతనమా? ఇంతమంది చూస్తుండగానే?”

అంతలో బ్యాటు అంచుకు తగిలిన బంతి ఒకటి వెనక్కి లేచి మా మీదికి వచ్చింది. అందరూ తల కాచుకున్నారు. అక్క మాత్రం లేచి కోటు అంచు చాపింది. బంతి అందులో పడింది.

పెద్దవాళ్లకు బంతి దొరికితే పక్కనున్న పిల్లలకివ్వాలని మా ఊరి ఆనవాయితీ. మా ముందు వరసలో రెండు జడల పిల్ల ఉంది. స్టేడియం మొత్తం అందుకుంది: “పిల్లకివ్వు! పిల్లకివ్వు!”

పెద్ద తెర మీద అక్క మొహం. బంతిని గుండెకు అదుముకుంది.

“ఇచ్చెయ్యక్కా, పరువు పోతోంది!”

“పోనీ. నా చిన్నప్పుడు నాకెవరిచ్చారు?” అని వెనక్కి తిరిగి జనాన్ని గదిమింది. “నోర్మూసుకుని కూర్చుంటారా, వంతెన మీద దించెయ్యనా?”

వెనక నుంచి ఓ బట్టతలాయన కేక పెట్టాడు.

“ఓరి నాయనో, మన డ్రైవరమ్మ! నన్ను వానలో దించేసిందిరా!”

“నన్నూ!” అన్నాడింకొకడు. నవ్వులు వరసలు దాటి పాకాయి.

అక్క ఆ పిల్ల వంక చూసింది. కాసేపు తటపటాయించి బంతి ఉన్న చెయ్యి చాచింది. ఆ పిల్ల, పేరు హారమ్, అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేసింది.

“మీరే ఉంచుకోండి అమ్మమ్మా. నాకు ఇంట్లో రెండున్నాయి.”

బట్టతలాయన లేచి అరుపు మార్చాడు: “డ్రైవరమ్మకివ్వు! డ్రైవరమ్మకివ్వు!” స్టేడియం అంతా అదే కేక. అక్క చేత్తో మొహం కప్పుకుని కూలబడింది. వేళ్ల సందుల్లోంచి తెర మీద తన్ను తాను చూసుకుంటూనే ఉంది.

ఆ రోజు మా జట్టు చిత్తుగా ఓడింది. అక్క మాత్రం పెళ్లివారింటి నుంచి వస్తున్నట్టు బయటికొచ్చింది. “ఇకమీద మమ్మల్ని తిట్టేదెవరు డ్రైవరమ్మా?” అని బట్టతలాయన బెంగపడితే, “వచ్చే వారం రా, ఇక్కడే తిడతా” అంది.

అన్నట్టే ప్రతి ఆదివారం వస్తోంది. పక్క సీట్లో కూర్చుని హారమ్ ఆట నేర్పుతోంది. ఈ మధ్య అక్క అంపైర్‌ని కూడా తిడుతోంది. తిట్టాల్సింది అతన్ని కాదని పిల్ల మోచేత్తో పొడిస్తే, గొంతు తగ్గించకుండానే అవతలి జట్టు మీదికి తిరుగుతోంది.