మూఢం వెతుక్కుంటూ తాండూరుకు

పెండ్లిళ్లు లేని రోజులు ఎప్పుడొస్తాయో కనుక్కోవడానికి రైలెక్కిన సన్నాయివాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను. మిగతా మేళగాళ్లు మూఢమన్న మాట వింటేనే మొహం మాడ్చుకుంటారు. శుక్రుడో గురుడో సూర్యుడి వెలుగులో పడి కనిపించకుండా పోయినన్నాళ్లు ముహూర్తాలుండవు, మాకు పనుండదు. నాకు మాత్రం ఆ రోజులే కావాలి. పన్నెండేళ్లుగా పందిళ్లలో అవే నాలుగు కీర్తనలు ఊదుతున్నాను. శ్రద్ధగా కూర్చుని వినేవాళ్ల ముందు రెండు గంటల కచేరీ చేయాలనీ, ఆ తర్వాత రేడియోలో వాయించాలనీ నా కోరిక. అందుకు మా బావ ఎల్లయ్య డోలు కావాలి, ఇద్దరం కలిసి సాధన చేయడానికి రెండు నెలలు కావాలి. బావ ఉండేది తాండూరులో. మేం కలుసుకునేది ఎవరి పెండ్లిలోనో. అక్కడ రెండు మాటలు మాట్లాడుకోబోతే చాలు, "వాయించండి, వాయించండి" అంటాడు పంతులు.

వచ్చే ఏటి పంచాంగం ఉగాదికి గానీ చేతికి రాదు. అప్పటికి సగం పెండ్లిళ్లకు మేం మాట ఇచ్చేసి ఉంటాం. తాండూరులో ఒక సిద్ధాంతిగారు ముందుగానే లెక్క కట్టి చెబుతారని విని, పుష్యమాసంలో తీరిక చూసుకుని బయల్దేరాను.

ఉదయం ఏడున్నరకు వికారాబాదులో ప్యాసింజరు ఎక్కాను. నయాపైసలు వచ్చిన కొత్త. టికెట్ల కిటికీ దగ్గర జనమూ గుమస్తా ఒకరినొకరు విసుక్కుంటున్నారు. వెళ్లేవాళ్లు చిల్లర సరిగ్గా పట్టుకుపోవడం మంచిది. ప్లాట్‌ఫారం మీది చాయ్ బాగుంటుంది, వేడిగా ఉన్నప్పుడే తాగాలి.

ఎదురుగా మోమిన్‌పేట నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చుంది. నా ఒళ్లోని పొడుగాటి సంచిని చాలాసేపు చూసింది.

"ఏందది నాయినా?"

"సన్నాయి, అవ్వా."

"పుష్యమాసంల ఎవరి పెండ్లి?"

"ఎవరిదీ లేదు."

"మరెందుకు మోస్తున్నవ్?"

ఇది లేకుండా పోతే మా అక్క కూడా నన్ను గుర్తుపట్టదన్నాను. ఆమె బోసినోటితో నవ్వి, తన సంచి విప్పి నాకు గుప్పెడు పేలాలు పెట్టింది. కిటికీ బయట కంది చేలు కోతకొచ్చి ఉన్నాయి. ధారూరు, రుక్మాపూరు దాటి, తొమ్మిది దాటాక తాండూరులో దిగాను.

స్టేషన్ బయట జట్కావాళ్లుంటారు. బేరమాడితే దిగొస్తారు. బజారులో సగం మాటలు తెలుగు, సగం కన్నడం. అంగళ్ల ముందు పరిచిన బండల మీద ఎండ పడి కళ్లు చికిలించాల్సి వచ్చింది. సిద్ధాంతిగారు అరుగు మీద కూర్చుని పలక మీద లెక్కలు వేసుకుంటున్నారు. నేను అడిగింది విని బలపం కింద పెట్టేశారు.

"ముహూర్తాలు అడిగేటోళ్లను మస్తు మందిని చూసిన. మూఢం గావాలని రైలెక్కి వచ్చినోడివి నువ్వే."

"పెద్దది గావాలె పంతులుగారూ. చిన్నదైతే చాలదు."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, అరగంట లెక్క కట్టారు. వైశాఖం సగం నుంచి శుక్రమూఢం. అది విడిచేసరికి ఆషాఢం, అది ఎలాగూ శూన్యమాసమే. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

మధ్యాహ్నానికి అక్క ఇంటికి చేరాను. జొన్నరొట్టె, కందిపప్పు, పచ్చి ఉల్లిగడ్డ. తింటూనే బావకు సంగతి చెప్పాను. ఆయన ముద్ద ఆపేశాడు.

"మూఢంల నేను బండల గనికి పోత. పోకుంటే పొయ్యి ఎట్ల మండాలె?"

"చెయ్యి సూపియ్యి," అంది అక్క.

ఆయన చూపించలేదు. ఆమే పట్టుకుని నా ముందుకు చాపింది. వేళ్ల కణుపులు వాచి, చివర్లు కాయలు కాసి ఉన్నాయి. పెండ్లిళ్లు లేని రోజుల్లో బండలు కొట్టాక డోలు మీద కుడిచెయ్యి పలకడానికి నెల పడుతుందని నాకు తెలుసు. అంత దగ్గరగా చూడటం మాత్రం అదే మొదలు. చాలా బాధేసింది.

"జొన్నలున్నయి, కందులున్నయి," అంది అక్క. "రెండు నెల్లు తినలేమా? గీ చేతులు పోతే మల్లొస్తయా?"

బావ చెయ్యి కడుక్కొచ్చాడు.

"సరే బామ్మర్దీ, గనికి పోను. కానీ నీ సంగతి నాకెర్కే. ఎవరు ఆకులు సూపెట్టినా చెయ్యి చాపుతవ్. నడుమ ఒక్కటి ఒప్పుకున్నా, తెల్లారే నేను గనిల ఉంట."

నిజమే. మా వైపు మేళగాడి చేతిలో ఆకులు, వక్క పెడితే మాట ఖాయమైనట్టే. పట్టుకున్న ఆకులు తిరిగి ఇవ్వకూడదు. నేను ఇప్పటిదాకా పట్టుకోకుండా ఉన్నదీ లేదు. మూఢంలో ఎవరు పిలుస్తారులే అనుకుని ధైర్యంగా ఒప్పుకున్నాను.

రాత్రికి అక్కడే ఉండి, మర్నాడు మధ్యాహ్నం బండికి తిరిగొచ్చాను. రుక్మాపూరులో దావీదు అనే ధారూరు రైతు ఎక్కి, నన్ను చూడగానే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వే గద సన్నాయాయన? దేవుడు కలిపిండు. మా బిడ్డ లగ్గం, ఎండాకాలంల."

అతడు చెప్పిన రోజు నడి మూఢంలో ఉంది. క్రైస్తవులకు శుక్రుడితో ఏం పని? పంచాంగమంతా లెక్క కట్టించుకున్న నాకు ఆ సంగతే తట్టలేదు. అతడు అప్పటికే తువాలు విప్పి ఆకులు తీస్తున్నాడు. నా కుడిచెయ్యి దానంతటదే లేచింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను.

"ఆ దినాలు ఖాళీ లేవన్నా."

"ఇంకెవరిదన్న ఒప్పుకున్నవా?"

"ఒప్పుకున్న. మా బావ, నేను కూసోని నేర్చుకునేదుంది. రెండు నెల్లు."

అతడు ఆకుల వంక చూసుకున్నాడు. "బ్యాండోళ్లు దొరుకుతరు గని, నా బిడ్డకు నీ సన్నాయే ఉండాలె అనుకున్న."

అయినా నేను చేతులు తీయలేదు. ధారూరు రాగానే అతడు ఆకులు మళ్లీ మూటగట్టుకుని, "మంచిగ నేర్చుకో," అని దిగిపోయాడు.

వికారాబాదు చేరేదాకా చేతులు తొడల కిందే ఉంచుకున్నాను. కానీ విచారం లేదు. తాండూరు మంచి ఊరు, మనుషులు మంచివాళ్లు, రైలు కాస్త ఆలస్యమైనా చేరుస్తుంది. వచ్చే ఎండాకాలం ఎవరి పందిట్లో వాయిస్తావని అడిగేవాళ్లకు నేనిప్పుడే చెప్పగలను: మా అక్క ఇంటి వసారాలో.