ప్రతిష్ఠించిన గుంట

ఆ రోజుల్లో పాయిఖానా ఇంటికి ఎంత దూరంగా ఉంటే ఆ కుటుంబం అంత పద్ధతైనదని లెక్క. ఆ లెక్కన లాలాగూడలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. మాది పెరటి చివర, వీధి గోడకు ఆనుకొని ఉండేది. వానాకాలంలో గొడుగు వేసుకొని వెళ్లాలి. (గొడుగు తీసినవాళ్లని ఎక్కడికని అడిగే అలవాటు మా ఇంట్లో ఉండేది కాదు.) నాన్న రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు, మిషను బడిలో కొత్త టీచర్ని. ఆరోగ్యశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి లోకంలో శుభ్రత నాతోనే మొదలైందని గట్టి నమ్మకం. ఆ ఎండాకాలంలో నాయనమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నేనూ నాన్నా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పెరటి చివరిదాకా మోసుకెళ్లేవాళ్లం. కన్నకొడుకు చేత అలా మోయించుకోవడం ఆమెకు చచ్చేంత సిగ్గు. అందుకని గొంతు తడుపుకునేంత తప్ప నీళ్లు తాగడమే మానేసింది. పెదవులు పగిలిపోతున్నా, అడిగితే "దాహం లేదే పిల్లా" అనేది. ఇలాగైతే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు.

వర్క్‌షాపు దొరల బంగళాల్లో సెప్టిక్ ట్యాంకులు ఉండేవి, అందుకని వాళ్ల పాయిఖానాలు పడకగదుల పక్కనే ఉండేవి. నా పాఠ్యపుస్తకంలో దాని బొమ్మ ఉంది. రెండు అరలు, మధ్యలో గోడ. దాన్ని పెద్దగా గీసి, నాన్నను ఒప్పించి, మేస్త్రిని పిలిపించి, పెద్ద ఇంజనీరులా నిలబడి వివరించాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మ మంచిగనే ఉన్నది గని టీచరమ్మా, భూమి సుత ఒప్పుకోవాలె గద" అన్నాడు. భూమి ఒప్పుకోలేదు. నేను గీత గీసిన చోటల్లా మూరెడు లోతులోనే బండ తగిలింది. నాలుగోసారి నాయనమ్మ గది కిటికీ పక్కన తవ్వితే గడ్డపార మెత్తగా దిగింది. గుంట మనిషి లోతుకు వచ్చి, ఇటుకల కోసం ఎదురుచూస్తుండగా మా సంస్థానం మీదికి సైన్యం వచ్చి, పోలీసు చర్య మొదలైంది.

విమానాలు తిరుగుతున్నాయి, బాంబులు పడతాయి అని పుకారు. వీధి మొత్తంలో తవ్వి ఉన్న గుంట మాదొక్కటే. మధ్యాహ్నానికల్లా పక్కింటి కిరాణా ఆయన కుటుంబం, మా చర్చివాళ్లు, మా పాస్టరు అయ్యగారు, అందరూ నిచ్చెనతో సహా వచ్చేశారు. నాయనమ్మను కూడా దించబోయాం. రెండో మెట్టు దగ్గరే నొప్పితో కేక పెట్టింది. తనను మంచం మీద పడేసి మమ్మల్ని దిగమంది. పడేసి దిగాం. మా అయ్యగారికి కొత్త ఇల్లు కనిపించినా, కొత్త కుట్టుమిషను కనిపించినా ప్రతిష్ఠ చేయకుండా వదిలే అలవాటు లేదు. మడమ లోతు బురదలో నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు. విమానం మోత దగ్గరైనకొద్దీ ఆయన గొంతు పెరిగింది. "ప్రభువా, మమ్మును దాచిన ఈ స్థలమును నీ పరిశుద్ధ నామమునకు నిత్యము ప్రతిష్ఠించుచున్నాము" అన్నారు. అందరం ఆమెన్ అన్నాం. కిరాణా ఆయన కూడా అన్నాడు. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

నాలుగైదు రోజుల్లో అంతా సద్దుమణిగింది. ఇటుకలొచ్చాయి, మేస్త్రి వచ్చాడు, పని షురూ చేయమంటారా అని అడిగాడు. నాన్న నా వైపు చూశాడు. దేవుడికి నిత్యమూ ప్రతిష్ఠించిన స్థలంలోకి ఏమి వదలబోతున్నామో అప్పటికిగానీ ఎవరికీ తట్టలేదు. చర్చి ఆడవాళ్లు వచ్చి, అక్కడ పూలమొక్కలు వేసుకోమని సలహా ఇచ్చారు. మేస్త్రిని ఇంకోచోట చూడమంటే, "యాడ జూడాలమ్మా, అంత బండనే" అన్నాడు. నేను అయ్యగారి దగ్గరికి పరిగెత్తి, ఆ ప్రార్థనను వాపసు తీసుకోవచ్చా అని అడిగాను, ఆఫీసులో అర్జీ వాపసు తీసుకున్నట్టు. ఆయన పాపం ఆరాధన పుస్తకమంతా వెతికి, ప్రతిష్ఠకు క్రమం ఉందిగానీ రద్దుకు క్రమం లేదన్నారు. వారం గడిచింది. నాయనమ్మకు జ్వరం తగిలింది. అయినా గుక్కెడుకు మించి నీళ్లు ముట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చేది.

ఆఖరికి ఆమే అయ్యగారిని పిలిపించింది. మేమంతా మంచం చుట్టూ నిలబడ్డాం.

"అయ్యగారూ, ఆ రోజు గుంటలో అందరూ ఆమెన్ అన్నారు కదా?"

"అన్నారమ్మగారూ."

"నేను అనలేదు. నేను గుంటలో లేను. ఇక్కడ, ఈ మంచం మీద ఉన్నాను. మీరు దేవుడికిచ్చిన గుంటలో నా వంతు నేనివ్వలేదు. అది నాకు కావాలి."

నాన్న తల దించుకున్నాడు. కిటికీ అవతల గుంటలో నేను గట్టిగా అన్న ఆమెన్ ఈ గదిలోకి ఎంత బాగా వినిపించి ఉంటుందో అప్పుడు తెలిసి, నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయ్యగారు కళ్లద్దాలు తుడుచుకొని, బయటికెళ్లి, పని మొదలుపెట్టమని మేస్త్రితో తానే చెప్పారు.

ట్యాంకు పూర్తయి, ఆమె గదికి ఆనుకొనే పాయిఖానా కట్టిన రోజు నాయనమ్మ నన్ను పిలిచి చెంబెడు నీళ్లు తెమ్మంది. ఎత్తిన చెంబు దించకుండా తాగింది.

ఇప్పుడు నాకు ఆమె వయసు దాటింది. నా బాత్రూము మంచానికి నాలుగడుగుల దూరం, ఎవరూ మొయ్యక్కర్లేదు. చర్చిలో మాత్రం ప్రార్థన అయ్యాక, ఎవరైనా బయట ఉండిపోయారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకొని, అందరికంటే ఆలస్యంగా ఆమెన్ అంటాను. పక్కన కూర్చునేవాళ్లు నాకు చెవుడొచ్చిందనుకుంటున్నారు. అనుకోనిస్తున్నాను.